అమ్మ వచ్చిందని రిపోర్టు

కాఫీ కలుపుకుని కూర్చోండి, మా అమ్మ బాండుంగ్ వచ్చినప్పటి సంగతి చెప్తాను.

బాండుంగ్ అంటే ఇండొనేషియాలోని జావా దీవిలో, 1955లో నెహ్రూ గారూ ఇక్కడి అధ్యక్షుడు సుకర్నో గారూ కలిసి కూర్చున్న ఆసియా, ఆఫ్రికా దేశాల సభ జరిగిన ఊరు. మాకు మాత్రం మా ఆయన స్పిన్నింగ్ మిల్లు ఉద్యోగం ఉన్న ఊరు. సాయంత్రమైతే వాన, కాస్త చలి. రాజమండ్రి ఎండల్లోంచి వచ్చిన అమ్మ దిగిన రోజే శాలువా అడిగింది.

మా వీధి మొదట్లో ఒక బోర్డు ఉంటుంది. 24 గంటలు దాటి ఉండే చుట్టాలెవరైనా సరే, వివరాలు చెప్పి తీరాలని. చెప్పాల్సింది పోలీసులకి కాదు, 'పాక్ ఎర్తే'కి. ఎర్తే అంటే కొన్ని పదుల గడపలు కలిసిన ఇరుగుపొరుగు సంఘం. పాక్ అంటే నాన్నగారు అన్నట్టు, పెద్దవాళ్ళని పిలిచే పిలుపు. మా పాక్ ఎర్తే రిటైరైన స్కూలు మాస్టారు. మర్నాడు పొద్దున్నే అమ్మ పాస్‌పోర్టు కాపీ పట్టుకుని నేను బయల్దేరుతుంటే ఆవిడకి పౌరుషం పొడుచుకొచ్చింది.

"కూతురింటికొస్తే సంతకాలేమిటే? నేనేమన్నా పాత కేడీనా?"

సాయంత్రం చినుకుల్లోనే గొడుగేసుకుని మాస్టారి భార్య వచ్చింది, పళ్ళెం నిండా వేడివేడి బజ్జీలతో. అరటికాయ బజ్జీలు కావు, అరటిపండు బజ్జీలు. అమ్మ వయసెంత, మోకాళ్ళ నొప్పులున్నాయా, పిల్లలెంతమంది, అన్నం తిన్నారా, అన్నీ నా చేత అనువాదం చేయించి మరీ అడిగి వెళ్ళింది. పళ్ళెం ఖాళీగా తిరిగివ్వకూడదని అమ్మ జంతికలు పోసి పంపింది. అక్కడితో సంతకాల మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను మాత్రం ఆ బోర్డుని అమ్మ అంత తొందరగా క్షమించలేదు. ఈ ఇరుగుపొరుగు సంఘాల పద్ధతి 1944లో, యుద్ధకాలంలో జపాన్ వాళ్ళు జావా మీద పెట్టిపోయింది. 1998లో దిగిపోయేదాకా అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం కూడా గడపగడపనీ కనిపెట్టుకుని ఉండటానికి దీన్ని బాగా వాడుకుంది. ఎవరింటికి ఎవరొచ్చారో రాసే పుస్తకం మంచివాడి చేతిలో ఉన్నంతసేపూ బజ్జీలొస్తాయి. చేయి మారితే ఏమొస్తుందో ఇక్కడి పెద్దవాళ్ళకి తెలుసు, అడిగితే నవ్వి మాట మారుస్తారు. అయినా నిజం చెప్పొద్దూ, మా చిన్నాడికి జ్వరం కాసిన రాత్రి మా ఆయన షిఫ్టులో ఉంటే కారు తీసుకొచ్చింది ఆ పుస్తకం రాసే మాస్టారే.

ఇక అమ్మకి పొద్దుపోవడానికి టీవీ సీరియళ్ళు. భాష రాదు కదా అంటే, రాకపోవడమేమిటి, సగం మనదేగా అంటుంది. మనిషి ఇక్కడ 'మనుసియా', భూమి 'బూమి', దుఃఖం 'దుకా'. ట్రాన్స్‌ఫార్మర్ మీద 'బహాయా' అని రాసి ఉంటే అది 'భయం' అని, అంటే ప్రమాదమని నేను చెప్పకుండానే పట్టేసింది. బోల్తా పడింది ఒకేఒక్క మాట దగ్గర. సీరియల్లో పిల్లాడూ పిల్లా ఎప్పుడు ఎదురుపడ్డా 'చింతా, చింతా' అంటున్నారు. నాలుగు రోజులు చూసి దిగులుగా అడిగింది, "ఇంత పచ్చటి దేశంలో వీళ్ళకిన్ని చింతలేమిటే?"

ఇక్కడ చింతా అంటే ప్రేమ అమ్మా అన్నాను. కాసేపు ఆలోచించి, "పెద్ద తేడా ఏముంది!" అంది. 'ఇస్త్రి' అంటే పెళ్ళాం అని చెప్పినప్పుడు మాత్రం మా ఆయన చొక్కా వైపు చూసి నవ్వింది. ఆయన ఇస్త్రీ ఆయనే చేసుకుంటారు లెండి.

ఆ నెల మా ఇంట్లో 'అరిసాన్'. మన చిట్టీ లాంటిదే. పద్దెనిమిది మందిమి నెలకి తలా లక్ష రూపియా వేస్తాం. హడలిపోకండి, మన డబ్బుల్లో ఐదారు వందలు. చుట్టిన చీటీలు గ్లాసులో వేసి, మూతకి కన్నం పెట్టి, ఒకటి రాలేదాకా ఊపుతారు. రాలిన పేరుకి డబ్బంతా. ఇరవయ్యేళ్ళు చిట్టీలు కట్టిన మా అమ్మ ఆత్రంగా అడిగింది, "పాట ఎంతకి పోయింది?"

పాట లేదమ్మా అంటే నమ్మలేదు. అవసరమున్నవాడు పాడుకోవాలి, నష్టానికి ఎత్తుకోవాలి, ఆ తరుగు మిగతావాళ్ళు పంచుకోవాలి, అదీ ఆవిడ ఎరిగిన చిట్టీ. ఇక్కడ ఎవరికీ పైసా లాభం లేదు, పైసా నష్టం లేదు. "మరి ఈ సంబడానికి ఇంతమంది కూడటమెందుకే?" అంది. కూడటానికే అన్నాను. అప్పటికే మిగతా పదిహేడు మందీ చెప్పులు గుమ్మంలో విడిచి చాప మీద సర్దుకుని, ఎవరి కోడలు ఏమందో చెప్పుకుంటున్నారు.

వాళ్ళకోసం అమ్మ పులిహోర చేసింది. పసుపు అన్నం బల్ల మీద పెట్టగానే గది అంతా సద్దుమణిగింది. పుట్టినరోజులకీ శుభకార్యాలకీ జావాలో పసుపు, కొబ్బరిపాలు వేసి అన్నం వండుతారు, అది 'నాసి కునింగ్'. ఏమిటి విశేషం, ఎవరి పుట్టినరోజు, మాకు ముందే చెప్పలేదేం అని అందరూ నా మీద పడ్డారు. ఏ విశేషమూ లేదంటే వినేవాళ్ళు లేరు. మాస్టారి భార్య లేచి, గరిటె అందుకుని, బేసిన్లో ఉన్న పులిహోరని పళ్ళెంలోకి మార్చి, అదిమి అదిమి గోపురంలా నిలబెట్టింది. శుభకార్యానికి వాళ్ళ ఆనవాయితీ అది. పై కొస నరికి మొదటి ముద్ద అమ్మ చేతిలో పెట్టింది.

అమ్మ ఆ ముద్దని అటూ ఇటూ తిప్పి చూసి, నా చెవిలో, "అంతా బాగానే ఉంది గానీ, వేరుశెనగపప్పంతా అడుక్కి తొక్కేసిందే" అంది.