మా స్టేషన్ వ్యాగను

సంవత్సరపత్రికకు ఏమి వ్రాయుదునని అడుగగా, తొమ్మిదవ తరగతి బాలురు ఏకకంఠముతో "మీ బండిని గూర్చి వ్రాయుడు" అనిరి. అందు కొంత పరిహాసము కలదని నేనెఱుగుదును. ఉదయమున ఆ బండి పాఠశాల ద్వారము చేరుటకు ముందే దాని రాక వారి చెవుల బడును గదా! అయినను వారడిగినది మంచి విషయమే.

ఇది అంబాసిడరు కారే గాని, అందఱును చూచిన తరహాది కాదు. దీనికి వెనుక డిక్కీ లేదు. పైకప్పు తుదివఱకును సాగి, వెనుక తలుపు తెఱచుకొనును. ఉపాధ్యాయులైన మా తండ్రిగారు నేను పుట్టిన 1981వ సంవత్సరమున దీనిని పాతదానినిగానే కొనిరి. రాష్ట్రమునకు 2005లో 108 అంబులెన్సులు రాకముందు మా పేటలో పురిటినొప్పులు పడిన స్త్రీలు పెక్కుమంది దీని వెనుక పరుపుపై పరుండియే ఆసుపత్రికి పోయిరి. ఆ పిల్లలలో ఇద్దఱు ఈ పాఠశాలలోనే చదివిరి. బియ్యపు బస్తాలు, హార్మోనియము, పెండ్లికూతురు సామాను మొదలగువాని సంగతి చెప్పనక్కఱలేదు.

ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాపై, కలకత్తా చెంత ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సువారు 1950వ దశకము చివరనుండి 2014వఱకును అంబాసిడర్లను చేసిరి. మా బండి ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది. కర్మాగారము మూతబడినను టాక్సీలుగా తిరిగిన బండ్లు అసంఖ్యాకములగుటచే ఇంజను భాగములు విజయవాడ ఆటోనగరులో నేటికిని దొరకుచున్నవి. దొరకనివి ఈ వ్యాగనుకు మాత్రమే చెందిన భాగములు. వెనుక తలుపు చుట్టునుండు రబ్బరు కొఱకు నేను మూడు వర్షాకాలములు వెదకితిని. తుదకు లారీ తలుపునకు వేయు రబ్బరును కోసి అతికించితిమి. అదియే నేటికిని నిలిచియున్నది.

పొదుపు కొఱకు పాతబండిని ఉంచుకొంటినని చెప్పువారెవరైన నున్నచో వారు జమాఖర్చులు వ్రాసికొననివారై యుండవలెను. లీటరుకు తొమ్మిది పది కిలోమీటర్లకు మించి ఇది నడువదు. పదునైదేండ్లు దాటిన బండికి అయిదేండ్లకొకసారి పరీక్ష చేయించి రిజిస్ట్రేషను మరల పొందవలెను. దానికి 600 రూపాయలుగా నున్న రుసుము 2022లో 5,000 రూపాయలైనది. ఇరువదియేండ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేసిరి. పాత ఇనుము కొనువారు ఇంటికి వచ్చి బరువునుబట్టి బేరమాడి పోయినారు. మా ఇంటివారు ఆనాడు నా ముఖము చూచి ఏమియు ననలేదు.

పదవ తరగతివారు విద్యుత్ప్రేరణ పాఠమున చదివినది ఈ బండిలో కన్నులార చూడవచ్చును. డిస్ట్రిబ్యూటరు మూత తీసినచో పాయింట్లు అను రెండు చిన్న లోహపు మొనలు కలవు. అవి విడిపోయిన క్షణమున కాయిలులోని విద్యుత్ప్రవాహము తెగి, దానిలోని రెండవ చుట్టలో వేల వోల్టుల పీడనము పుట్టి, ప్లగ్గు వద్ద రవ్వ రాలును. ఆ మొనల నడుమ అంగుళమున వెయ్యింట 15 వంతులు ఎడముండవలెను. మా మేస్త్రీగారు హాక్సా బ్లేడు ముక్కతో దీనిని సరిచేయుదురు. నేను గేజి పెట్టి చూచిన ప్రతిసారియు సరిగానే యున్నది.

ఇంజను కంటె రేకునకు భయపడవలెను. లారీకి వలె దీనికి ప్రత్యేకముగా చాసీ లేదు, ఒళ్లే ఎముక. తలుపుల క్రింది అంచులలో తుప్పు పట్టెనా, అది అందమునకు వచ్చిన లోపము కాదు, బండి వెన్నునకు వచ్చిన జబ్బు. వానలు వెలిసినపిదప అడుగు కడిగి, అంచులలోని నీటి రంధ్రములను పుల్లతో పొడిచి, తుప్పు కనబడినచోట రేకు కోసి క్రొత్తది అతికించి రెడాక్సైడు పూయుట ఏటేటి పని.

ఇటీవలి చిక్కు పెట్రోలుది. 2025 నాటికి దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఎథనాలు కలుపుట సామాన్యమైనది. ఎథనాలు నీటిని పీల్చును. పాతకాలపు రబ్బరు గొట్టములను ఉబ్బజేసి పగుల్చును. తనలో ఆమ్లజని కలిగియుండుటచే ఇంజనులోని మిశ్రమమును పలుచన చేయును. కనుక గొట్టములన్నియు మార్చి, పంపులోని పొరను మార్చి, కార్బురేటరు అడుగు నట్టును కొంచెము త్రిప్పి పెట్రోలు పాలు పెంచితిమి. ప్లగ్గు కొన తెల్లబాఱక బిస్కత్తు రంగున నున్నదా యని నెలకొకసారి చూచుచుందును.

ఇవన్నియు తీఱు చిక్కులే. తీఱనిది వేఱొకటి. మేస్త్రీగారు మా తండ్రిగారి నాటినుండి ఈ బండిని ఎఱిగినవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుపై ఆనించి, పిడి చెవికి పెట్టుకొని, ఏ భాగము అఱిగినదో చెప్పెడివారు. క్రిందటేడు వంతెన ఎక్కుచుండగా టాపు గేరులో ఇంజను గలగలలాడెను. డిస్ట్రిబ్యూటరును వెండ్రుకవాసి వెనుకకు త్రిప్పిన చాలును. ఆ పని ఆయనకు క్షణములోనిది. ఆనాడు ఆయన నా ప్రక్క కూర్చుండి వంతెన నెక్కి, దిగి, మరల ఎక్కించి, "గలగల ఇంకా ఉందా మాస్టారూ? నాకు వినపడటం లేదు" అనెను.

ఉన్నదంటిని. ఆయన చాలసేపు ఏమియు మాటాడలేదు.

మా తండ్రిగారు ప్రతి మరమ్మత్తును తేదీతో ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచిరి, నేనును వ్రాయుచున్నాను. అందు ఏ భాగము మార్చితిమో కలదు గాని, ఏ శబ్దమునకు ఏ భాగమో లేదు. అది మేస్త్రీగారి తలలోనే యున్నది. అందుచే నెలకొక శనివారము ఆయనను మా ఇంటికి పిలిపించి, ఇష్టమున్న పిల్లలు అయిదుగురిని కూర్చుండబెట్టి, ఆయన చెప్పునది వ్రాయించుచున్నాను. చల్లగానున్నపుడు మాత్రమే వినబడు కొట్టుడు, క్లచ్చి త్రొక్కినపుడు మానెడి ఊళ, ఇట్లు ఇప్పటికి ఇరువదిమూడు శబ్దములైనవి.

మొన్నటి శనివారము పదవ తరగతి బాలిక యొకతె స్క్రూడ్రైవరు పిడి చెవికానించి విని, మూడవ టాపెట్టు వదులైనదని చెప్పినది. మూత తీసి గేజి పెట్టగా వదులైనది నాలుగవది. మేస్త్రీగారు నవ్వి, "పక్కింటిదాకా వచ్చావమ్మా, ఇంకో శనివారం" అని స్పానరు ఆమె చేతికిచ్చిరి.