లుఖ్మీలో ఆలుగడ్డ

లుఖ్మా అంటే ఉర్దూలో నోట్లో పెట్టుకునే ముద్ద. లుఖ్మీ అన్న పేరు అందులోంచే వచ్చింది. ఉత్తరాది ఉర్దూవాళ్లు మా పలుకు విని నవ్వుతారు. అది గొంతు లోపలి నుంచి రావాలట, మా దక్కనీ నోట 'ఖ' అయిపోతుంది. వాళ్లకు మా ఉర్దూ తక్కువ. ఇక్కడి మిత్రులేమో "మీకు తెలుగు బాగా వచ్చే!" అని ఆశ్చర్యపోతారు. ఈ రెండు నవ్వుల మధ్యే మా వంటింట్లో పొయ్యి మండుతుంది.

హైదరాబాద్ పెళ్లిళ్లలో బిర్యానీకి ముందు వడ్డించే నలుచదరపు వంటకం లుఖ్మీ. మైదా పొరల మధ్య ఖీమా పెట్టి వేయిస్తారు. దావత్‌లో తినే లుఖ్మీలో అంతా ఖీమానే. మా ఇంటి లుఖ్మీలో మాత్రం ఆలుగడ్డ ఉంటుంది. సాయిబు అనగానే నవాబుల వారసుడనుకునే వాళ్లకు ఈ తేడా చెప్పాలి. మా అబ్బా దర్జీ. మాకు వారసత్వంగా వచ్చింది ఒక కుట్టుమిషను. పావుకిలో ఖీమా ఎనిమిది నోళ్లకు సరిపోవాలంటే ఆలుగడ్డ పడాల్సిందే. "గోష్ కమ్, ఆలూ జాస్తీ" అని అమ్మీ నవ్వుతూనే అనేది.

అరకిలో మైదాలో ఉప్పు, రెండు చెంచాల నెయ్యి, కాస్త పెరుగు వేసి గట్టిగా పిసికి, తడిగుడ్డ కప్పి అరగంట పక్కన పెట్టేది. ఖీమాను అల్లం వెల్లుల్లి, పసుపు, కారంతో ఉడికించి నీళ్లు పూర్తిగా ఇగిరేదాకా వేయించేది. తడి మిగిలితే నూనెలో పడగానే ఆవిరి పొంగి పొర పగులుతుంది. అరకిలో ఆలుగడ్డలు ఉడకబెట్టి చేత్తో చిదిపేది. మరీ మెత్తగా కాదు, పలుకు తగలాలి. కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి చల్లారనిచ్చేది. పిండిని పల్చగా వత్తి, నెయ్యి రాసి, మడతపెట్టి మళ్లీ వత్తి చదరాలుగా కోసేది. ఒక ముక్క మీద కూర పెట్టి, ఇంకో ముక్క కప్పి, అంచులు నీళ్లతో తడిపి అదిమేది. సన్నసెగ మీద నిదానంగా వేగితేనే లోపలి పొర ఉడుకుతుంది.

ఆలుగడ్డ మాటే చూడండి. ఆలూ ఉర్దూ, గడ్డ తెలుగు. ఆ దుంప దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో పుట్టి, యూరప్ వాళ్ల ఓడలెక్కి మన దేశానికొచ్చింది. మిరపకాయ కూడా అమెరికాదే. వాటినెవరూ మీదే దేశమని అడగరు. తరతరాలుగా ఇక్కడే పుట్టి, చచ్చాక ఇదే మట్టిలో కలిసే మమ్మల్ని మాత్రం అడుగుతారు.

అమ్మీ పండుగనాడు రెండు రకాలు చేసేది. మాంసం ముట్టని ఇరుగుపొరుగు కోసం ఒట్టి ఆలుగడ్డవి ముందుగా, కొత్త నూనెలో వేయించేది. కలిసిపోకుండా వాటికి ఒక మూల నొక్కి గుర్తు పెట్టేది. ఎవరూ అడక్కుండానే ఆమె పాటించిన మర్యాద అది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చాక వచ్చిన మొదటి రంజాన్ పండుగకు ఒకింటివాళ్లు ఆ పళ్లెం తీసుకోలేదు. ఒంట్లో బాగాలేదన్నారు. పక్కింటామె మాత్రం వచ్చి తన వాటాతో పాటు వాళ్ల వాటా కూడా పట్టుకెళ్లింది. నా లెక్కలో ఇద్దరూ ఉన్నారు. ఒకరిని చెప్పి ఇంకొకరిని దాచలేను.

2015 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ దగ్గర, గోమాంసం తిన్నారన్న పుకారు మీద మహమ్మద్ అఖ్లాక్‌ను ఇంట్లోంచి ఈడ్చి కొట్టి చంపారు. మనిషి పోయాక మాంసాన్ని పరీక్షకు పంపారు. అక్కడి పుకారు ఇక్కడి మా వంటింటి దాకా వస్తుంది. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నా బిడ్డ ఒకరోజు "అమ్మీ, నా డబ్బాలో ఖీమావి వద్దు, ఆలుగడ్డవే పెట్టు" అంది. ఎందుకే అంటే చాలాసేపు చెప్పలేదు. చివరికి, "ఏం మాంసమని అడుగుతున్నరు" అంది.

మూల నొక్కినవి రెండు, నొక్కనివి రెండు పెట్టాను. ఏది ఏదో నువ్వే చూపించు, ఎవరికి ఇష్టమైంది వాళ్లు తీసుకుంటారు అన్నాను.

ఒట్టి ఆలుగడ్డ లుఖ్మీ తింటే మాకేం తక్కువ కాదు. లేమివల్ల మా ఖీమాలో ఆలుగడ్డ కలిసింది, దానికి సిగ్గులేదు. పొరుగింటి మీద ప్రేమతో ఖీమా లేకుండా వండాం, దానికి గర్వపడతాం. కానీ భయంతో ఖీమాను డబ్బాలోంచి తీసేసే రోజు మా పిల్లలకు రాకూడదు. ఆ భయాన్ని పోగొట్టే పని మా ఒక్కరిదే కాదు, పండుగకు మా ఇంటికొచ్చి బిర్యానీ తినే మిత్రులారా, మీది కూడా.