మా ఇంటి కాపలాదారు

మా ఇంట పెరిగినది జర్మన్ షెపర్డ్. మన ఊళ్లలో అల్సేషియన్ అంటారు. 1899లో జర్మనీలో మాక్స్ వాన్ స్టెఫానిట్జ్ అనే ఆయన గొర్రెల మందలు కాసే కుక్కల నుండి ఈ జాతిని తీర్చిదిద్దాడు. రోజంతా మంద చుట్టూ తిరగవలసిన ప్రాణిని గుంజకు కట్టేస్తే కోపిష్ఠి అవుతుంది. అందుకే మేము ఉదయం, సాయంత్రం పొలంగట్ల మీద నడిపిస్తాము. ఎండవేళ నీడలో ఉంచి నీళ్లు పెడతాము. తిండిలో ఉల్లిపాయ తగలనివ్వము. అది కుక్కల రక్తాన్ని పాడుచేస్తుంది. పిచ్చికుక్క వ్యాధి రాకుండా ఏటా టీకా వేయిస్తాము.

ఇప్పుడు దానికి 11 ఏళ్లు. వెనుక కాళ్లు పట్టు తప్పాయి. ఈ జాతికి తుంటికీళ్ల జబ్బు తరచుగా వచ్చేదేనని పశువైద్యులు చెప్పారు. “ఇంకెందుకు, ఎక్కడైనా వదిలేసి రండి” అన్నారు బంధువులు. ఆ రాత్రి పిల్లలు అన్నం ముట్టలేదు. ఇన్నేళ్లు మా వాకిలి కాచినదాన్ని నడవలేదని రోడ్డుపాలు చేస్తే, రేపు మా ముసలితనాన్ని ఈ పిల్లలు ఏ కళ్లతో చూస్తారు?

మందులు వాడుతున్నాము. కాళ్లు జారకుండా గోనెపట్టాలు పరిచాము. లేవలేనప్పుడు పొట్ట కింద తువ్వాలు వేసి, ఇద్దరం చెరో కొస పట్టుకుని నడిపిస్తాము. పెద్ద కుక్కను తెచ్చుకునేవారు ఈ దినాలను కూడా లెక్కలో వేసుకునే తెచ్చుకోవాలి.