ర్యోకాన్‌కు ఏ నెలలో వెళ్లాలి?

జపాను దేశములో పాతకాలపు పద్ధతిలో నడిచే బసను ర్యోకాన్ అంటారు. నేలంతా తతామి అనే గడ్డిచాపలు పరచి ఉంటాయి. చెప్పులు గడప దగ్గరే విడవాలి. రాత్రి భోజనమైన తరువాత పనివారు వచ్చి చాపల మీద పరుపులు వేసి వెళతారు. బాడుగ గదికి కాదు, మనిషికి లెక్క. రాత్రి భోజనము, ఉదయపు ఫలహారము అందులోనే కలిసి ఉంటాయి. నేలలోనుండి వేడినీటి ఊటలు వచ్చే ఊళ్లలోనైతే ఆ నీటినే స్నానపు తొట్లలోనికి మళ్లిస్తారు. యామనాషి కొండల్లోని కేయున్‌కాన్ అనే బస క్రీ.శ. 705లో మొదలై నేటికీ నడుస్తున్నది. అంతటి పాత సంప్రదాయము ఇది.

మా పెద్దబ్బాయి టోక్యోలో ఉద్యోగము చేస్తున్నాడు. "మామ్మను కూడా తీసుకొని రండి, ఒక్క రాత్రయినా ర్యోకాన్‌లో ఉందాము" అని రెండు మూడేళ్లుగా పోరుతున్నాడు. 2023లో ఇక కాదనలేకపోయాము. తేలవలసినది ఒక్కటే, ఏ నెలలో వెళ్లాలి? ఇది మాకు చిన్న ప్రశ్న కాదు. మామ్మకు డెబ్బది రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు, రక్తపోటు. ఆమెతో ఇంత దూరప్రయాణము మళ్లీ చేయగలమన్న నమ్మకము మాకు లేదు.

ఎవరిని అడిగినా చెర్రీపూల కాలమే చెప్పారు. టోక్యోలో అవి మార్చి చివర, ఏప్రిల్ మొదట పూస్తాయి. అందము సంగతి ఒప్పుకోవలసిందే. అయితే ఆ పూలు వారము పది రోజులే నిలుస్తాయి, ఒక గాలివాన వస్తే అదీ లేదు. ఆ కొద్దిరోజుల కోసము లోకమంతా అక్కడికే వస్తుంది గనుక బాడుగలు పెరుగుతాయి, మంచి గదులు నెలల ముందే నిండిపోతాయి. పైగా ఏప్రిల్ అంటే మాకు దాళ్వా కోతలు. పంట కళ్లములో వదిలి పూలు చూడబోయే రైతు ఎవరు?

శరదృతువులో ఆకులు ఎర్రబారుతాయి. కొండప్రాంతాల్లో అక్టోబరులో, క్యోటోలో నవంబరు చివర. అప్పుడు మా సార్వా కోతలు. ఆగస్టులో అక్కడ ఉక్కపోత మన కోస్తాకు ఏమీ తీసిపోదు, ఆ పైన తుఫాను గాలులు. జూన్ నుండి జూలై నడిమి వరకు ముసురు.

ఇక మిగిలినది చలికాలము. మంచు కురుస్తుండగా ఆరుబయట వేడినీటి తొట్టిలో కూర్చోవడమే ర్యోకాన్‌కు అసలు సొగసని మా అబ్బాయి వాదన. యువకులకు అది నిజమే. కాని చల్లని గదిలో బట్టలు విడిస్తే రక్తపోటు ఎక్కుతుంది, వెంటనే నలభై రెండు డిగ్రీల నీటిలో దిగితే ఒక్కసారిగా పడిపోతుంది. చలికాలములో ఇలా స్నానపు గదుల్లో పెద్దవారు కూలిపోవడము జపానులో అందరికీ తెలిసిన ప్రమాదమే. వాడి సరదా కోసము మామ్మను ఆ పరీక్షకు పెట్టదలచుకోలేదు.

అందుచేత మే నెల నడిమి రోజులు ఎంచుకున్నాము. ఏప్రిల్ 29 నుండి మే మొదటి వారము దాకా వారికి వరుస సెలవులు. ఆ రోజుల్లో దేశమంతా ప్రయాణము మీదే ఉంటుంది. అవి ముగియగానే రద్దీ తగ్గుతుంది, ముసురుకు ఇంకా కొన్ని వారాలుంటుంది. శనివారము బాడుగ ఎక్కువ గనుక మే 16, మంగళవారము ఖాయము చేశాము. మామ్మకు ఒక్కటే బెంగ, అది ఆవకాయ కాలము. ఆ ఏడు జాడీలు కాస్త ముందే నిండాయి.

మేము వెళ్లినది మియాగి ప్రాంతములోని నరుకో. టోక్యో నుండి షింకాన్‌సెన్ రైలులో రెండు గంటలకు ఫురుకావా, అక్కడ చిన్నరైలు ఎక్కాలి. ఆ చిన్నరైలు కిటికీలోనుండి చూసినది మేము ఎన్నడూ మరువము. ఇరుప్రక్కలా నీరు పెట్టిన మడులు, ఆ నీటిలో కొండల నీడ, అప్పుడే నాటిన లేత వరి! ఒకాయన యంత్రము మీద కూర్చొని ఒక్కడే నాట్లు వేస్తున్నాడు. మామ్మ కిటికీకి ముఖము ఆనించి, "ఇంత దూరము వచ్చి మళ్లీ వరిచేనేనా!" అని నవ్వింది. ఆ తరువాత ఊరు వచ్చేదాకా ఆమె చూపు అటునుండి మరల్చలేదు. ఫురుకావా అంటే వరి విత్తనాలకు పేరుపడిన చోటు. చలికి తట్టుకొనే హితోమెబొరె అనే రకము 1991లో అక్కడినుండే వచ్చింది. 1993లో ఎండలేని వేసవి వచ్చి జపానులో వరి పాడైనప్పుడు ఆ రకము విలువ అందరికీ తెలిసింది.

ఇంకొక సంగతి తెలిసి మాకు మరింత సంతోషమైనది. ఆ ప్రాంతపు రైతు కుటుంబాలు నాట్లు ముగిసిన తరువాతను, కోతలైన తరువాతను బియ్యము, కూరలు మూట కట్టుకొని ఇటువంటి ఊళ్లకు వచ్చి, తామే వండుకొంటూ, కొన్ని రోజులపాటు వేడినీటిలో నడుములు కాచుకొనేవారట. ఆ అలవాటును తోజి అంటారు. ధనికుల విలాసమని మేము అనుకొన్న ఈ స్నానములో రైతుల వాటా ఇంత ఉన్నది!

స్నానము దగ్గర మనవారికి ఒక చిక్కు ఉంది. ఆడవారికి, మగవారికి వేరువేరు గదులే గాని, తొట్టిలో బట్ట కట్టుకొని దిగకూడదు. ముందు బయట కూర్చొని ఒళ్లు శుభ్రముగా కడుగుకోవాలి. మామ్మ ససేమిరా అన్నది. కొన్ని బసలలో కుటుంబానికి గంటసేపు విడిగా ఇచ్చే చిన్న స్నానపు గది ఉంటుంది. ముందే అడిగి పెట్టుకొన్నాము గనుక బ్రతికిపోయాము. గంధకపు వాసనకు మొదట ముక్కు మూసుకొన్నా, మోకాళ్ల దాకా నీటిలో పెట్టి కూర్చున్న తరువాత ఆమె లేవనంటుంది! నేల మీద పడుకొని లేవలేదు గనుక తతామి మీదనే తక్కువ ఎత్తు మంచాలు వేసిన గది తీసుకొన్నాము.

భోజనము సాయంత్రము ఆరు గంటలకే. ఏ కాలములో పండినది ఆ కాలములోనే వడ్డిస్తారు గనుక మే నెలలో కొండకూరలు, వెదురు కొమ్ములు వచ్చాయి. మన మన్యములో వండుకొనేవే. పచ్చిచేప మాత్రము మేము ముట్టలేదు. అన్నము మెత్తగా, జిగటగా ఉన్నా రుచిగానే ఉన్నది. సంచిలోని కొత్తావకాయతో మామ్మ రెండవసారి కూడా పెట్టించుకొన్నది.

మంచు చూడాలని ఆశపడే ఆరోగ్యవంతులు జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్లవచ్చు. నూతన సంవత్సరపు సెలవుల్లో మాత్రము బాడుగలు మండిపోతాయి. పెద్దవారిని వెంటబెట్టుకొని వెళ్లేవారు గది ఖాయము చేసేటప్పుడే మంచము, విడి స్నానపు గది, మెట్ల సంగతి అడగండి. పాత బసలలో చాలావాటికి లిఫ్టు ఉండదు.