నల్లేరు

గత వేసవిలో మా తల్లిగారు వంటయింటిలో పీటపై కూర్చుండబోయి కొంచెము విసురుగా కూర్చుండిరి. అంతమాత్రముననే వెన్నుపూస యొకటి నలిగిపోయినది. ఉబ్బసమునకై ఆమె పెక్కేండ్లుగా స్టెరాయిడు మాత్రలు సేవించుచుండిరి. ఊపిరిని నిలిపిన మందే యెముకను గుల్లచేసినదని వైద్యులు చెప్పిరి.

మరునాడే మా పినతల్లిగారు పెరటి గోడమీది నల్లేరు కాడలు కోసి తెచ్చి, "అక్కా, ఆ మాత్రలు పారవేయుము. ఈ పచ్చడి తినుము. ఎముక దానంతట నదే యతుకుకొనును" అనిరి. మా తల్లిగారు సంతోషముగా నొప్పుకొనిరి. మాత్రలన్న ఆమెకు రోత. చింతపండు వేసి నూరిన నల్లేరు పచ్చడి యన్న ప్రీతి. (చింతపండు చాలనిచో గొంతు దురదపెట్టునని వండువారెల్ల రెరుగుదురు.)

నేను పుస్తకముల నాశ్రయించితిని. నల్లేరునకు సంస్కృతమున అస్థిసంహారకమని పేరు. నాలుగు పలకలతో, కణుపు కణుపున నొక్కుకొనిపోయిన యా కాడ చూచుటకు వెన్నెముకవలెనే యుండును గాని, పేరును రూపమును రుజువులు కావు గదా! అయితే 1963లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రసాద్, ఉడుప గార్లు కార్టిసోను ఇచ్చిన జంతువులయందు విరిగిన యెముకలపై దీనిని పరీక్షించి, కార్టిసోనుచే మందగించిన యతుకు దీనివలన మెరుగుపడెనని ప్రకటించిరి. 2003లో అండాశయములు తీసివేసిన యెలుకలలో నెముకల క్షీణతపై దీని సారము పరీక్షింపబడినది.

ఈ సంగతి పదవ తరగతిలో చెప్పితిని. ఎముక నిత్యము నొకవైపున కరుగుచు, మరియొకవైపున కట్టబడుచుండును. స్టెరాయిడు ఆ కట్టు కణములను తగ్గించును. ప్రేవులు కాల్షియమును గ్రహించుటను గూడ తగ్గించును. అందుచే నిట్టి పరీక్షలలో నెలుకలను గుంపులుగా విభజింతురు. ఒక గుంపునకు ఏమియు నియ్యరు. ఒకదానికి స్టెరాయిడు మాత్రమే. వేరొకదానికి స్టెరాయిడుతో మూలికాసారము. పిమ్మట తొడయెముక యెంత బరువునకు విరుగునో, కాల్చిన బూడిద యెంతయో కొలుతురు.

"స్టెరాయిడు మాత్రమే యిచ్చి, ఆ యెలుకల నట్లే చెడనిచ్చుట యేలనండీ?" అని యొక బాలిక యడిగినది. ఆ గుంపు లేనిచో మేలు మూలికవలననే కలిగెనని యెట్లు తెలియునని నేనంటిని. 1960లో చేసిన జంతుహింసానివారణ చట్టమును గూర్చియు చెప్పితిని. ఆమె కూర్చున్నది గాని ముఖమున తృప్తి లేదు. నాకును లేదు.

ఆ సాయంకాలము బియ్యపు డబ్బాలో రెండుదినముల మాత్రలు దొరకినవి! నా గుండె జారినది. చిరకాలము స్టెరాయిడు వాడినవారి శరీరము తన స్వంత స్రావమును చేసికొనుట మానివేయును. హఠాత్తుగా మాన్పినచో ప్రాణాపాయము. వెంటనే వైద్యులకడకు గొనిపోయితిని. వారు మందలించి, మాత్రలు మరల మొదలుపెట్టించి, మెల్లమెల్లగా తగ్గింతమనిరి. ఎముకకు వేరు మందు వ్రాసిరి.

నల్లేరుపై బండి నడకయని సామెత. నల్లేరుపై పరిశోధన మట్లు కాదు. ఎలుకకు తూచి యిచ్చిన సారము వేరు, డెబ్బదియేండ్ల తల్లి రోటి పచ్చడి వేరు. ఇదంతయు రాత్రి ఆమెకు విప్పి చెప్పితిని. ఆమె శ్రద్ధగా విని, "ఆ యెలుకలకు చింతపండు వేసిరా, నాయనా?" అని యడిగిరి.