నాకేం వద్దు

"పుట్టినరోజుకి నీకేం కావాలి నాన్నా?" అని మా అమ్మాయి ఏటా అడుగుతుంది. "నాకేం వద్దమ్మా" అంటాను. పోయినేడు అది ఊరుకోలేదు. "వద్దా, అడగడం చేతకాదా?" అంది. లండన్‌లో పుట్టిన పిల్లే గాని, తెలుగు మాత్రం తగలాల్సిన చోట తగిలేట్టు మాట్లాడుతుంది.

మా నాన్నగారు లెక్కల మాస్టారు. ఇంట్లో గట్టిగా నవ్వితే "ఎందుకా ఇకిలింపులు?" అనేవారు. ఒకసారి ఊళ్ళోకి సర్కస్ వచ్చింది. తీసుకెళ్ళమని నేనడగలేదు. తిడతారన్న భయంతో కాదు. అడగొచ్చన్న ఊహే రాలేదు.

ఆ మధ్య డికెన్స్ 'లిటిల్ డోరిట్' చదివాను. 1855 నుంచి 1857 దాకా నెలనెలా భాగాలుగా వచ్చిన నవల. అందులో ఆర్థర్ క్లెన్నమ్‌కి నలభై ఏళ్ళు. చైనాలో తండ్రితో వ్యాపారం చేసి, ఆయన పోయాక ఓ ఆదివారం లండన్ చేరతాడు. చర్చి గంటలు వింటుంటే చిన్ననాటి ఆదివారాలు గుర్తొస్తాయి. ఆట లేదు, పాట లేదు; పాపభయం, బైబిలు ముందు బిగుసుకు కూర్చున్న తల్లి. తనకంటూ ఓ ఇష్టమనేది మిగలకుండా పెంచారని ఓ పరిచయస్థుడితో చెప్పుకుంటాడు.

అలా పెరిగినవాడు బండరాయి అయిపోవాలి కదా? అవడు. మెత్తటి మనిషి. ఎవరి అప్పో తీర్చి, తన పేరు బయటికి రానివ్వడు. తనకోసం మాత్రం ఏదీ కోరుకోలేడు. పెట్ అనే అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆ ప్రేమించేది తను కాదు, ఎవరూ కాదు అని సర్దిచెప్పుకుంటాడు. డికెన్స్ ఆ అధ్యాయాల పేర్లలో కూడా 'నోబడీ' అనే పెట్టాడు. కళ్ళెదుట ఉన్న ఎమీ డోరిట్ ప్రేమ, తనే అప్పులపాలై మార్షల్సీ జైల్లో పడేదాకా అతనికి తెలియదు. చదువుతూ చాలాసార్లు పుస్తకం మూసేశాను.

ఇంకో సంగతి. ఆర్థర్ తండ్రిని కూడా గిల్బర్ట్ క్లెన్నమ్ అనే అంకుల్ అలాగే అణచి పెంచాడు. (పెదనాన్నో బాబాయో ఈ ఇంగ్లీషు మాటతో తేలి చావదు.) మా నాన్నగారి నాన్న గురించి నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడడుగుదామంటే ఆయన లేరు.

మార్షల్సీ 1842లో మూతపడింది. డికెన్స్‌కి పన్నెండేళ్ళప్పుడు, 1824లో, వాళ్ళ నాన్నని అప్పుల కింద పెట్టింది అందులోనే. బరో స్టేషన్ దగ్గర, సెయింట్ జార్జ్ చర్చి పక్కన దాని గోడ ఒకటి ఇంకా ఉంది. ఈ ఫిబ్రవరిలో నేనూ అమ్మాయీ వెళ్ళి చూశాం. సన్నగా వాన. "చలేస్తోంది. నీకేం కావాలి?" అంది.

"ఏదైనా..." అనబోయి ఆగాను.

"ఐస్‌క్రీం" అన్నాను.

అది నావంక ఓ చూపు చూసి, "ఏ ఫ్లేవర్?" అంది.

మళ్ళీ చిక్కొచ్చి పడింది.