చిన్నమ్మ వేడి, ఎలుక తోక

వరంగల్ ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది! కానీ జనవరి చలిలో దుప్పటి తన్నేసి, చెమటలతో లేచి కూర్చునే మనిషిని చూశారా? మా చిన్నమ్మ అంతే. "ఒళ్ళంత మంట లేసినట్టైతది బిడ్డా" అంటుంది. వాడకట్టు వాళ్ళేమో "వేడి చేసింది, మజ్జిగ తాగు" అంటారు. నాలుగేళ్ళ క్రితం, ముప్పై ఆరేళ్ళ వయసులో, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. తర్వాత ఏమవుతుందో ఒక్కరూ చెప్పలేదు.

నేను చదివింది ఇంజనీరింగు, వైద్యం కాదు. అయినా ఈ మంట ఎక్కడ పుడుతుందో చూద్దామని మొదలుపెడితే ఎలుకల దగ్గర తేలాను.

ఎలుకకైనా మనిషికైనా మెదడు అడుగున హైపోథాలమస్‌లో కొన్ని నాడీకణాలు మూడు రసాయనాలు తయారుచేస్తాయి: కిస్‌పెప్టిన్, న్యూరోకైనిన్-బి, డైనార్ఫిన్. ఈ డైనార్ఫిన్ నల్లమందు జాతిదే, మెదడు సొంతంగా వండుకునే సరుకు. మన భాషలో చెప్పాలంటే న్యూరోకైనిన్ స్టార్టు, డైనార్ఫిన్ స్టాపు, కిస్‌పెప్టిన్ అవుట్‌పుట్. ఈ లూపు మొత్తాన్నీ అదుపులో పెట్టేది అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్.

ఆడ ఎలుకకు అండాశయాలు తీసేస్తే కిస్‌పెప్టిన్, న్యూరోకైనిన్ ఉత్పత్తి పెరిగిపోతుంది. తోక చర్మం వేడెక్కుతుంది (ఎలుక ఒంట్లో వేడిని బయటికి పంపేది ముఖ్యంగా తోకే మరి). ఈస్ట్రోజెన్ ఇస్తే చల్లబడుతుంది. ఆ కణాలను నాశనం చేసినా తోక వేడి తగ్గుతుందని 2012లో తేల్చారు. ముట్లుడిగిన స్త్రీల మెదడులో ఈ భాగపు కణాలు ఉబ్బి ఉంటాయని నవోమీ రాన్స్ బృందం 1990లోనే చూపించింది. చివరికి న్యూరోకైనిన్‌ను అడ్డుకునే ఫెజోలినెటాంట్ మాత్రకు 2023 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది.

అంటే చిన్నమ్మ వేడి మెదడులోని థర్మోస్టాటుది. మజ్జిగతో తీరేది కాదు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశం మొత్తంలో ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ, ఆ తర్వాత తెలంగాణలో. అందరికీ అండాశయాలు తీశారని కాదు. కానీ తీసిన వాళ్ళ సంగతి? ల్యాబులో ఎలుకకు ఆపరేషన్ చేశాక తోక వేడి కూడా రాసుకుంటారు. మన ఆడవాళ్ళని మాత్రం కుట్లు విప్పి ఇంటికి పంపేస్తారు.

సర్వర్ వేడెక్కితే అర్ధరాత్రి లేచి చూసే వాళ్ళం కదా మనం. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మనో, అత్తనో అడగండి. ఆపరేషన్ అయిన వాళ్ళుంటే డిశ్చార్జి కాగితంలో అండాశయాలు ఉంచారో తీశారో చూడండి. చిన్న వయసులో తీసేస్తే ఎముకలు, గుండె కూడా దెబ్బతినే ప్రమాదముంది. ఆ కాగితం పట్టుకుని మంచి గైనకాలజిస్టును కలిస్తే, హార్మోన్లు వాడాలా వద్దా వాళ్ళే చెబుతారు. మా చిన్నమ్మకి వచ్చే సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.